ల్యాప్‌టాప్ ఫ్యాక్టరీ రీసెట్: సగం పని బటన్ నొక్కకముందే ఉంది

మీరు అడిగింది ఇది: అమ్మాయి ఇంజినీరింగ్ నాలుగేళ్లూ వాడిన ల్యాప్‌టాప్, విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, సి, డి అని రెండు డ్రైవులు. బాగా నెమ్మదించింది. అంతా తుడిచేసి, కొన్ననాటి స్థితికి తెచ్చి, బంధువుల అబ్బాయికి ఇవ్వాలి. ఒకసారి రీసెట్ పెడితే మధ్యలో ఆగి "దేర్ వాజ్ ఎ ప్రాబ్లమ్ రీసెట్టింగ్ యువర్ పీసీ, నో చేంజెస్ వర్ మేడ్" అని వచ్చింది. ఏ కంపెనీదో రాయలేదు కాబట్టి అన్ని రకాలకూ పనికొచ్చేలా చెబుతున్నాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. "ఫ్యాక్టరీ సెట్టింగ్స్" అని అందరూ అనే మాట కింద మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకటి, విండోస్‌లోనే ఉండే "రీసెట్ దిస్ పీసీ". ఇది ప్రస్తుతం ఉన్న విండోస్ వెర్షన్‌నే శుభ్రంగా మళ్ళీ వేస్తుంది. ల్యాప్‌టాప్ విండోస్ 10తో వచ్చి తర్వాత 11కి మారి ఉంటే, రీసెట్ తర్వాత వచ్చేది 11 మాత్రమే. రెండోది, కంపెనీ ఇచ్చే రికవరీ. షోరూమ్ నుంచి వచ్చిన రోజున ఏ విండోస్, ఏ డ్రైవర్లు (వైఫై, సౌండ్ లాంటి భాగాలని పనిచేయించే ప్రోగ్రామ్‌లు), ఏ యాప్‌లు ఉన్నాయో అవే తిరిగి వస్తాయి, అక్కర్లేని ట్రయల్ యాంటీవైరస్‌తో సహా. మూడోది, పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ కొత్తగా ఎక్కించడం. మీ అవసరానికి మొదటిది చాలు. అది మళ్ళీ మొరాయిస్తే మూడోదానికి వెళ్లండి. రెండోది, ఏదో ప్రత్యేకమైన డ్రైవర్ ఎక్కడా దొరకనప్పుడే అక్కరకు వస్తుంది.

ఈ మూడింటిలో ఏదీ బయోస్‌ని, అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్‌ని, ముట్టుకోదు. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే రీసెట్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. ఇచ్చే ముందు దాన్ని విడిగా తీసేయాలి.

నెమ్మదించడానికి కారణం డిస్కు పాడవడమైతే రీసెట్ వల్ల లాభం లేదు, పైగా నష్టం. చివరి దశలో ఉన్న డిస్కు మీద గంటల తరబడి రాయించడమంటే దాన్ని చేజేతులా ముగించడమే. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. "గుడ్" అని నీలంలో ఉంటే ముందుకు వెళ్లండి. "కాషన్" అని పసుపులో ఉంటే ఫైళ్లు కాపీ చేసుకుని డిస్కు మార్పించండి. మీది ఎస్ఎస్‌డీ కాబట్టి పర్సెంటేజీలో ఆయుష్షు కూడా కనిపిస్తుంది. పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లు "రీఅలోకేటెడ్ సెక్టార్స్", "కరెంట్ పెండింగ్ సెక్టార్" అనే రెండు వరుసలు చూడాలి. అక్కడ సున్నా కాకుండా అంకె ఉండి, రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కుని నమ్మకూడదు. ఇంకో సంగతి: 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రంలో విండోస్ 11 ఎన్నిసార్లు కొత్తగా వేసినా నెమ్మదిగానే ఉంటుంది. అక్కడ ఖర్చు పెట్టాల్సింది ఎస్ఎస్‌డీ మీద.

ఇక పోగొట్టుకోకూడనివి. ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివే తర్వాత ఏడిపిస్తాయి.

మొట్టమొదటిది అమ్మాయి కాలేజీ మెయిల్. ల్యాప్‌టాప్‌ని కాలేజీ ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడి ఉంటే వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ ఆ అకౌంట్ కిందే ఉంటాయి. చదువు అయిపోయాక కాలేజీ ఆ అకౌంట్‌ని మూసేయవచ్చు, దాంతో ఫైళ్లూ పోతాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది ఈ ల్యాప్‌టాప్‌లో లేదు, క్లౌడ్‌లో మాత్రమే ఉంది. పచ్చ టిక్కు ఉంటే డిస్కులోనూ ఉంది. మబ్బు గుర్తున్న వాటిని ఎక్స్‌టర్నల్ డిస్కుకి కాపీ చేస్తే ముందు డౌన్‌లోడ్ అయి, ఆ తర్వాత కాపీ అవుతాయి. దానికి నెట్, సమయం రెండూ కావాలి. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనుకోవద్దు.

బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు సింక్ అవుతున్నాయో లేదో చూడండి. క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సింక్ లేకపోతే ఆ పాస్‌వర్డులు ఈ డిస్కుతో పాటే పోతాయి. పాత తరహా అవుట్‌లుక్‌లో పాప్ పద్ధతిలో (మెయిల్స్‌ని సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకే దించుకునే పద్ధతి) మెయిల్ వాడినవాళ్ల ఉత్తరాలు పీఎస్‌టీ ఫైల్లోనే ఉంటాయి. అది సాధారణంగా డాక్యుమెంట్స్‌లో "అవుట్‌లుక్ ఫైల్స్" అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ట్యాలీ వాడితే డేటా ఫోల్డర్ కాపీ చేయడంతో సరిపోదు, లైసెన్సుని ముందుగా సరెండర్ చేయాలి. ట్యాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, లైసెన్స్‌లోకి వెళితే ఆ ఆప్షన్ ఉంటుంది. జీఎస్‌టీ, టెండర్ల కోసం వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే భయం లేదు, సర్టిఫికెట్ టోకెన్‌లోనే ఉంటుంది. డ్రైవర్ మళ్ళీ వేసుకుంటే చాలు. అదే సర్టిఫికెట్‌ని విండోస్‌లోకి ఎక్కించి వాడుతుంటే మాత్రం రీసెట్‌తో పోతుంది, ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

తెలుగులో డీటీపీ చేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. అను స్క్రిప్ట్ మేనేజర్, దాని ఫాంట్లు రీసెట్‌తో పూర్తిగా పోతాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు తెరిస్తే అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, ఫాంటు లేదంతే. ఇన్‌స్టాలర్, లైసెన్సు వివరాలు చేతిలో ఉన్నాయని చూసుకున్నాకే రీసెట్ జోలికి వెళ్లండి. యూనికోడ్ వాడేవాళ్లకీ చిన్న తేడా కనిపిస్తుంది: విండోస్ 10, 11లో గౌతమి, వాణి ఫాంట్లు మామూలుగా రావు, ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" అని ఎంచుకుని వేసుకోవాలి. అవి లేకపోతే అక్షరాలు నిర్మల ఫాంటులో కనిపించి పేజీల అమరిక మారుతుంది.

ఆఫీస్ సంగతి. ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ వచ్చి ఉంటే అది అమ్మాయి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడిపడి ఉంటుంది. రీసెట్ తర్వాత అబ్బాయి తన అకౌంట్‌తో తెరిస్తే కొనమని అడుగుతుంది. కాలేజీ ఇచ్చిన మైక్రోసాఫ్ట్ 365 అయితే అది ఎలాగూ కాలేజీదే. అబ్బాయికి లిబ్రే ఆఫీస్ వేసివ్వడం నయం. విండోస్ లైసెన్సు గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి ల్యాప్‌టాప్‌లతో వచ్చే కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, బిట్‌లాకర్ రికవరీ కీ. బిట్‌లాకర్ అంటే డిస్కులోని ఫైళ్లని వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయినప్పుడే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద "డివైజ్ ఎన్‌క్రిప్షన్" ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, రీసెట్ మధ్యలో ఆగినప్పుడో, రికవరీ తెర నుంచి పని చేయాల్సి వచ్చినప్పుడో 48 అంకెల కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అది అమ్మాయి మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లో, డివైజెస్ విభాగంలో ఈ ల్యాప్‌టాప్ పేరు కింద ఉంటుంది. కాలేజీ అకౌంట్ అయితే కీ కూడా కాలేజీ దగ్గరే ఉంటుంది, అకౌంట్ మూసేయకముందే తీసుకోవాలి. ఒకే అకౌంట్‌లో రెండు మూడు కీలు ఉంటే, తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోల్చుకోండి. ఆ కీని ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే ప్రయోజనం లేదు, కాగితం మీద రాయండి లేదా ఫోన్‌లో ఫొటో తీయండి. కీ లేకుండా ఆ డిస్కులోని ఫైళ్లు మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

రీసెట్ పెట్టే ముందు విండోస్ అప్‌డేట్‌లో పెండింగ్ ఉన్నవన్నీ పూర్తి చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. తుడిచేసే విండోస్‌కి అప్‌డేట్లెందుకు అనిపించవచ్చు. కానీ రీసెట్ యంత్రాంగమే అప్‌డేట్ వల్ల చెడిన సందర్భాలు ఉన్నాయి. 2025 ఆగస్టు సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత విండోస్ 10లోనూ, విండోస్ 11 పాత వెర్షన్లు 22హెచ్2, 23హెచ్2లోనూ రీసెట్ విఫలమైంది. సరిచేసే అప్‌డేట్ అదే నెల 19న వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పని చేయకుండా పోయాయి, దానికీ 20వ తేదీన విడిగా అప్‌డేట్ ఇచ్చారు. మీకు "నో చేంజెస్ వర్ మేడ్" అని రావడానికి ఇలాంటిదే కారణం కావచ్చు.

చార్జర్ పెట్టండి, ఎక్స్‌టర్నల్ డిస్కు, పెన్‌డ్రైవ్, ఎస్‌డీ కార్డు అన్నీ పీకేయండి. బ్యాటరీ పాడై, చార్జర్ తీయగానే ఆగిపోయే ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టాలి. రీసెట్ సగంలో కరెంటు పోతే విండోస్ పైకి లేవకుండా పోయే ప్రమాదం నిజంగా ఉంది.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, "రీసెట్ పీసీ". విండోస్ 10లో ఇదే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద రికవరీలో ఉంటుంది. మొదటి ప్రశ్నకి "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోండి. "కీప్ మై ఫైల్స్" అనేది మీరే వాడుకునే యంత్రానికి. అది కూడా ప్రోగ్రామ్‌లన్నీ తీసేస్తుంది, ఉంచేది మీ ఫైళ్లు మాత్రమే. రెండో ప్రశ్న "క్లౌడ్ డౌన్‌లోడ్" లేదా "లోకల్ రీఇన్‌స్టాల్". ఒకసారి విఫలమైంది కాబట్టి ఈసారి క్లౌడ్ తీసుకోండి. లోకల్ అయితే డిస్కులో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే కొత్త విండోస్ కడుతుంది, ఆ ఫైళ్లలో తప్పుంటే కొత్తదానికీ అదే గతి. క్లౌడ్‌కి 4 జీబీకి పైగా డేటా పడుతుంది, రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ మీద మొదలుపెట్టవద్దు.

మూడో తెరలో "చేంజ్ సెట్టింగ్స్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎక్కువమంది దాన్ని చూడకుండా "నెక్స్ట్" కొట్టేస్తారు, ఇతరులకు ఇచ్చే ల్యాప్‌టాప్ విషయంలో జరిగే పెద్ద పొరపాటు ఇదే. అక్కడ "క్లీన్ డేటా" మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే ఫైళ్ల పేర్లు తీసేస్తుంది గానీ వాటి మీద తిరగరాయదు. రికవరీ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కొన్ని వెనక్కి తీయగలరు. ఆన్ చేయండి. "డిలీట్ ఫైల్స్ ఫ్రమ్ ఆల్ డ్రైవ్స్" కూడా ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉంటే తుడిచేది సి డ్రైవ్‌ని మాత్రమే, డిలో దాచుకున్న సినిమాల నుంచి ఆధార్ స్కాన్ కాపీల దాకా అన్నీ అబ్బాయికి అలాగే వెళతాయి. ఇంట్లోనే వాడుకునేవాళ్లైతే దీన్ని ఆఫ్‌లోనే ఉంచుకోవాలి, లేకపోతే డి డ్రైవ్ పోతుంది. ఈ "క్లీన్ డేటా" ఇళ్లలో వాడేవాళ్ల కోసం పెట్టింది, ప్రభుత్వ, పరిశ్రమ ప్రమాణాలకి సరిపోయే చెరిపివేత కాదని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఆడిటర్ ఆఫీసు, ఆసుపత్రి ల్యాప్‌టాప్ అయితే బయోస్‌లో ఉండే "సెక్యూర్ ఎరేజ్" లేదా "డేటా వైప్" వాడాలి. అన్ని మోడళ్లలో అది ఉండదు.

ఎస్ఎస్‌డీ మీద క్లీన్ డేటాతో కలిపి గంట, రెండు గంటలు అనుకోండి. 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. పర్సెంటేజీ ఒక అంకె దగ్గర చాలాసేపు కదలదు. అది చూసి పవర్ బటన్ నొక్కిపట్టడమే అసలు నష్టం చేస్తుంది. డిస్కు లైటు మినుకుమంటున్నంతసేపు పని జరుగుతున్నట్టే. ఎస్ఎస్‌డీ మీద నాలుగు గంటలు దాటి, లైటు కూడా చచ్చి, తెర మీద చుక్కలు తిరగడం ఆగితే అప్పుడు వదిలేయవచ్చు.

మళ్ళీ అదే ఎర్రర్ వస్తే, రికవరీ భాగం నిద్రలో ఉందేమో చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ అనే ఎనిమిది అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ఇన్ఫో అని ఇవ్వండి. స్టేటస్ "డిసేబుల్డ్" అని ఉంటే అదే కమాండ్ చివర ఇన్ఫో బదులు ఎనేబుల్ అని కొట్టండి. ఆపరేషన్ సక్సెస్‌ఫుల్ అంటే మళ్ళీ రీసెట్ పెట్టుకోవచ్చు. రికవరీ ఇమేజ్ దొరకలేదంటే అది ఉండే పార్టిషన్‌ని, అంటే డిస్కులో దానికోసం విడదీసిన భాగాన్ని, ఎవరో ఎప్పుడో తీసేసి ఉండవచ్చు. కొన్న రోజునే సి, డి, ఈ అని డ్రైవులు విడగొట్టించుకున్న ల్యాప్‌టాప్‌లలో ఇలా జరుగుతుంటుంది. దాన్ని బాగుచేయడానికి గంటలు ఖర్చు పెట్టకండి, పెన్‌డ్రైవ్ దారి పట్టండి.

కంపెనీ రికవరీ ప్రయత్నించాలంటే ఆన్ చేస్తూనే వరుసగా నొక్కాల్సిన కీలు ఇవి: హెచ్‌పీకి ఎఫ్11, ఏసర్‌కి ఆల్ట్, ఎఫ్10 కలిపి, ఏసుస్‌కి ఎఫ్9, డెల్‌కి ఎఫ్12 నొక్కి "సపోర్ట్‌అసిస్ట్ ఓఎస్ రికవరీ". లెనోవోలో చాలా మోడళ్లకి పక్కన సూది మొనంత రంధ్రంలో నోవో బటన్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండగా పిన్నుతో నొక్కాలి. ఒకసారి విండోస్ కొత్తగా వేసిన యంత్రాల్లో కంపెనీ రికవరీ పార్టిషన్ ఉండకపోవచ్చు. అప్పుడు హెచ్‌పీ, డెల్, లెనోవో వెబ్‌సైట్లలో సీరియల్ లేదా ప్రోడక్ట్ నంబరు ఇచ్చి ఫ్యాక్టరీ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌కి దించుకోవచ్చు. 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

మామూలు విండోస్ పెన్‌డ్రైవ్‌కి 8 జీబీ చాలు. బాగా పనిచేసే వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి తయారు చేయండి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. బూట్ మెనూ డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌కి కూడా ఎఫ్12 కానీ, ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి "ఎఫ్12 బూట్ మెనూ"ని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. ప్రోడక్ట్ కీ అడిగితే "ఐ డోంట్ హావ్ ఎ ప్రోడక్ట్ కీ" నొక్కండి. ఎడిషన్ అడిగితే జాగ్రత్త. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది "హోమ్ సింగిల్ లాంగ్వేజ్". ప్రో బాగుంటుందని అది ఎంచుకుంటే లైసెన్సు కుదరక యాక్టివేట్ కాదు. పాత ఎడిషన్ ఏదో ముందే సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో చూసి రాసుకోండి.

డిస్కులు చూపించే తెరలో అసలు ఏ డిస్కూ కనిపించకపోతే కంగారు పడవద్దు, ఎస్ఎస్‌డీ పోలేదు. ఇంటెల్ 11వ తరం, ఆపై ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సదుపాయం ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనిపించదు. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, జిప్ విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" ద్వారా చూపిస్తే డిస్కు వస్తుంది. తర్వాత డిస్క్ 0లోని పార్టిషన్లు మాత్రమే ఒక్కొక్కటిగా తీసేసి, "అన్‌అలోకేటెడ్ స్పేస్" మీద నెక్స్ట్ కొట్టండి. అయితే నంబరుని గుడ్డిగా నమ్మకండి, సైజు కూడా చూడండి. 512 జీబీ డిస్కు అక్కడ 476 జీబీగా కనిపిస్తుంది, అది మామూలే.

సెటప్‌లో వైఫై కనిపించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లకి ఎక్కువగా ఏ డ్రైవరూ అడగకుండానే నెట్ వస్తుంది, వైఫై డ్రైవర్ దాంతోనే దిగుతుంది.

మీరు ఇస్తున్నది వేరేవాళ్లకి కాబట్టి, దేశం, భాష అడిగే మొదటి తెర రాగానే ఆగిపోండి. పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేసేయండి. మిగతాదంతా అబ్బాయి తన అకౌంట్‌తో చేసుకుంటాడు. మీరు చివరిదాకా వెళ్లి సైన్ ఇన్ చేస్తే మళ్ళీ అమ్మాయి అకౌంట్ దాంట్లో కూర్చుంటుంది, బిట్‌లాకర్ కీ కూడా ఆమె పేరు మీదే పడుతుంది. ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఈ డివైజ్‌ని తీసేయండి, అయితే అందులోని బిట్‌లాకర్ కీ ఇక అక్కర్లేదని తేలాకే.

అబ్బాయికి చెప్పాల్సింది: విండోస్ అప్‌డేట్ "యు ఆర్ అప్ టు డేట్" అనేదాకా రెండు మూడు విడతలు నడపాలి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద డ్రైవర్లు కూడా తీసుకోవాలి. డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఏదైనా మిగిలితే కంపెనీ సైట్‌లో మోడల్ నంబరుతో ఆ డ్రైవర్ వెతకాలి. మొదటి రోజు ఫ్యాను హోరెత్తుతుంది, యంత్రం వేడెక్కుతుంది. వెనకాల అప్‌డేట్లు, ఇండెక్సింగ్ నడుస్తుంటాయి కాబట్టి ఆ ఒక్కరోజుని బట్టి నెమ్మదిగా ఉందని తేల్చవద్దు. తెలుగు టైపింగ్‌కి లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి "తెలుగు ఫొనెటిక్" కీబోర్డు పెట్టుకుంటే వేరే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి కూడా ఇక్కడే ఒక హెచ్చరిక. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ దొరికే కార్పొరేట్ ల్యాప్‌టాప్‌లని రీసెట్ చేయగానే ఏదో కంపెనీ పేరుతో "వెల్‌కమ్" అని లాగిన్ అడిగితే, అది ఆటోపైలట్‌లో, అంటే కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లని నెట్ ద్వారా తమ అదుపులో ఉంచుకునే మైక్రోసాఫ్ట్ ఏర్పాటులో, నమోదై ఉందని అర్థం. ఎన్నిసార్లు రీసెట్ చేసినా, డిస్కు మార్చినా ఆ నమోదు పోదు. దాన్ని ఆ కంపెనీ ఐటీ విభాగమే తీసేయాలి. అందుకే డబ్బు ఇచ్చే ముందు, దుకాణంలోనే, నెట్ కలిపి రీసెట్ తర్వాతి మొదటి తెరలు చూపించమని అడగండి.